కోడ్ గీసిన బొమ్మ కొనాలంటే

సంపాదకుల వారికి నమస్కారం.

బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లలో ఉండే, ఎవరైనా చూడగల ఉమ్మడి లెక్కల పుస్తకం) మీద అమ్ముడయ్యే బొమ్మల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం కోట్లు పలికిన అమ్మకాలు రెండు మూడు చెప్పి ఊరుకుంది. అది చదివిన బెజవాడ, గుంటూరు ఇంజినీరింగ్ విద్యార్థులు, కొందరు వ్యాపారులు అడుగుతున్నది ఒకటే: మొదటిది ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి? ఈ రంగంలో కోడ్ రాసేవాళ్లం, పన్ను లెక్కలు చూసేవాళ్లం కలిసి ఆ జవాబు రాస్తున్నాం. లాభానికే కొనాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. గోడ మీదో కంప్యూటర్ తెర మీదో రోజూ చూసుకోవాలనిపించే బొమ్మకు, పోయినా బెంగ లేనంత డబ్బు పెట్టేవాళ్ల కోసమే మిగతాదంతా. మొదటిసారికి అన్నీ కలిపి రెండు వేల రూపాయలు దాటొద్దని మా సలహా.

ముందు ఒక అపోహ. మేము చెప్పే ఈ బొమ్మల కళ పేరు జెనరేటివ్ ఆర్ట్. అంటే ఏఐని అడిగి నెమలి బొమ్మ వేయించుకోవడం కాదు. కళాకారుడు బొమ్మ పుట్టే నియమాలను కోడ్‌గా రాస్తాడు. ఆ నియమాల్లో కొన్ని చోట్ల నిర్ణయం యాదృచ్ఛిక సంఖ్యకు వదిలేస్తాడు. చుక్కల ముగ్గు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. చుక్కలెన్ని, గీత చుక్కను ఎటు చుట్టాలి అన్నది ఖాయం. అదే నియమంతో ఎన్ని ముగ్గులైనా పుడతాయి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ బృందం 1970లలో ఈ ముగ్గులకు గణిత వ్యాకరణమే రాసింది. జర్మనీలో గియోర్గ్ నీస్ 1965లోనే కంప్యూటర్ బొమ్మల ప్రదర్శన పెట్టాడు. కాబట్టి ఈ కళకు బ్లాక్‌చెయిన్ అవసరమేమీ లేదు. బ్లాక్‌చెయిన్ తెచ్చిన కొత్త సంగతి ఒకటే: ఏ బొమ్మ రావాలో తేల్చే హాష్, అంటే అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ పొడుగాటి వరస, మీరు కొన్న క్షణంలో ఆ కొనుగోలుతోనే పుడుతుంది. ఏది వస్తుందో మీకూ తెలియదు, కళాకారుడికీ తెలియదు.

ఇది ఎలా పనిచేస్తుందో చూడాలంటే డిమిత్రి చెర్నియాక్ చేసిన 'రింగర్స్' మంచి ఉదాహరణ. 2021 జనవరిలో ఆర్ట్ బ్లాక్స్ అనే వేదిక మీద వచ్చింది, మొత్తం 1000 బొమ్మలు. నియమం సులువు: కొన్ని మేకులు, వాటిని చుట్టుకుంటూ పోయే ఒక తాడు. మేకులెన్ని, ఎలా నాటాలి, తాడు ఏ దారిన తిరగాలి, మధ్యలో రంగు నింపాలా వద్దా అన్నవి హాష్ తేలుస్తుంది. 879వ బొమ్మలో ఆ తాడు అచ్చం బాతు తలలా తిరిగింది. బాతు గీయమని కోడ్‌లో ఎక్కడా లేదు. 2023 జూన్‌లో సోథెబీస్ వేలంలో అది 62 లక్షల డాలర్లు పలికింది. మీ వ్యాసంలాంటివి ఇలాంటి సంఖ్య దగ్గర ఆగిపోతాయి. ఆ శ్రేణిలో బొమ్మలన్నీ ఆ ధర పలకవన్నది కొత్తవాడికి ఎవరూ చెప్పరు.

ఇక ఎక్కడ కొనాలి? ఎక్కువ పేరున్నవి ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఉన్నాయి. ఆర్ట్ బ్లాక్స్ 2020 నవంబరులో అక్కడే మొదలైంది. కానీ నేర్చుకునేవాడికి టెజోస్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ నయం. 2021 నవంబరులో మొదలైన వేదిక ఎఫ్‌ఎక్స్‌హాష్ టెజోస్ మీదే పుట్టింది; 2023 డిసెంబరు నుంచి ఈథీరియంలోనూ నడుస్తోంది. టెజోస్‌లో ఒకటి నుంచి అయిదు టెజ్‌ల (అక్కడి నాణేల) లోపు దొరికే మంచి బొమ్మలు బోలెడు. ఫీజు కూడా చాలా తక్కువ. ఈథీరియంలో ఫీజు బొమ్మ ధరను బట్టి కాదు, ఆ క్షణంలో నెట్‌వర్క్ ఎంత రద్దీగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఒక మింట్‌కు, అంటే కొత్త బొమ్మ పుట్టించి కొనడానికి, 1,50,000 గ్యాస్ (నెట్‌వర్క్ చేసే పనికి కొలత) పట్టిందనుకోండి. గ్యాస్ ధర 20 గ్వే (ఈథీరియం నాణెమైన ఈథర్‌లో వంద కోట్లవ వంతు ఒక గ్వే) ఉంటే ఫీజు 30 లక్షల గ్వే, అంటే 0.003 ఈథర్. గ్యాస్ ధర 2 గ్వేకి తగ్గితే అదే పనికి 0.0003 ఈథర్ చాలు. ఇంకో సంగతి: లావాదేవీ మధ్యలో విఫలమైనా అప్పటిదాకా ఖర్చయిన గ్యాస్ వెనక్కి రాదు. ఎగబడి కొనే శ్రేణుల్లో చివరి బొమ్మ ఇంకొకరికి పోయి, మనకు ఫీజు మాత్రం మిగలడం మామూలే.

కరెంటు గురించి బాధపడేవాళ్లకు ఒక మాట. టెజోస్ మొదటి నుంచీ ప్రూఫ్ ఆఫ్ స్టేక్ మీదే, అంటే నాణేలు పూచీగా పెట్టినవాళ్లు లావాదేవీలను ఖరారు చేసే పద్ధతిలోనే, నడుస్తోంది. ఈథీరియం 2022 సెప్టెంబరులో ఆ పద్ధతికి మారింది. గదుల నిండా యంత్రాలు పెట్టి మైనింగ్ చేసే గొడవ ఈ రెంటిలోనూ లేదు.

ఇక వాలెట్, అంటే మీ క్రిప్టో డబ్బు, బొమ్మలు మీ చేతిలో ఉంచే యాప్. దాని దగ్గర తొందర పడొద్దు. టెజోస్‌కు టెంపుల్, కుకై, ఈథీరియంకు మెటామాస్క్. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన లింకు నొక్కి దించుకోవద్దు, నకిలీ వాలెట్లు అక్కడే కాపు కాసి ఉంటాయి. వాలెట్ పెట్టగానే 12 లేదా 24 ఇంగ్లీషు పదాలు చూపిస్తుంది. ఆ పదాలే సీడ్ ఫ్రేజ్. పాస్‌వర్డ్ పోతే ఇబ్బంది లేదు, పదాలుంటే అన్నీ తిరిగొస్తాయి. పదాలు ఇంకొకరి చేతికి పోతే మాత్రం పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా లాభం లేదు. కాగితం మీద, వరస తప్పకుండా, రెండు చోట్ల రాసుకోండి. ఫొటో తీయొద్దు, తీస్తే అది ఫోను నుంచి క్లౌడ్‌కు దానంతట అదే ఎక్కుతుంది. మీకు మీరే వాట్సాప్‌లో పంపుకోవడమూ అంతే. డబ్బు వేయకముందే వాలెట్‌ను తీసేసి, రాసుకున్న పదాలతో మళ్లీ తెరిచి, అదే చిరునామా (వాలెట్‌కు ఖాతా నంబరు లాంటిది) వచ్చిందో లేదో చూడండి. ఒక్క పదం స్పెల్లింగు తప్పినా అప్పుడే తెలుస్తుంది. అయిదు నిమిషాల పని. చాలామంది చేయరు.

తర్వాత ఎక్స్ఛేంజి, అంటే రూపాయలిచ్చి టెజ్, ఈథర్ లాంటివి కొనే చోటు. పాన్, ఆధార్‌తో కేవైసీ అడిగే, కేంద్ర ఆర్థిక శాఖ కింది ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన భారతీయ ఎక్స్ఛేంజిలోనే కొనండి. ఖాతా తెరవకముందే ఒకటి చూసుకోవాలి: అక్కడ కొన్న టెజ్‌ను బయటి వాలెట్‌కు పంపనిస్తారా? కొన్ని చోట్ల కొనడం, అమ్మడం తప్ప బయటకు తీసే వీలుండదు. అలాంటి చోట కొంటే బొమ్మ కొనే దారే లేదు. విత్‌డ్రా ఫీజు తరచు శాతంలో కాక, ఒక్కోసారికి ఇంత అని ఉంటుంది; కనీస మొత్తం కూడా ఉండొచ్చు. అయినా మొదట కొద్దిగా పంపి, చేరాకే మిగతాది పంపండి. రెండుసార్లు ఫీజు పడుతుంది, పడనివ్వండి. డబ్బంతా ఎక్స్ఛేంజిలోనే ఉంచొద్దు: 2024 జులైలో మన దేశపు వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగల పాలైంది, ఖాతాదారుల విత్‌డ్రాలు ఆగిపోయాయి.

చిరునామా కాపీ చేసేచోట ఇంకో ఉచ్చు ఉంది. టెజోస్ చిరునామా 'టీజెడ్' అక్షరాలతో మొదలై 36 అక్షరాలుంటుంది; ఈథీరియంది 42. అందరూ మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరిపెట్టుకుంటారని దొంగలకు తెలుసు. మీరు వాడే చిరునామాతో అవే ఎనిమిది అక్షరాలు కలిసే ఇంకో చిరునామా తయారుచేసి, దాని నుంచి మీ వాలెట్‌కు సున్నా విలువ లావాదేవీ పంపుతారు. అది మీ పాత లావాదేవీల జాబితాలో కూర్చుంటుంది. రేపు మీరు ఆ జాబితాలోంచి చిరునామా కాపీ చేశారా, డబ్బు వాళ్లకు పోతుంది. ఎప్పుడైనా సరే డబ్బు చేరాల్సిన వాలెట్‌లోని 'రిసీవ్' తెర నుంచే కాపీ చేయండి, మధ్య అక్షరాలు కూడా చూడండి.

బొమ్మ కొనడానికి రెండు దారులు. మొదటిది మింట్: శ్రేణి విడుదలైనప్పుడు కళాకారుడి నుంచి నేరుగా. ఇందులో బొమ్మ మన ఎంపిక కాదు. అయితే ఎఫ్‌ఎక్స్‌హాష్‌లో వేరియేషన్లు చూసే వీలుంది: మీట నొక్కిన కొద్దీ ఆ కోడ్ నుంచి రాగల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కనీసం ఓ ముప్పై చూడండి. అయిదారు బ్రహ్మాండంగా ఉండి మిగతావి చప్పగా ఉంటే, మీకు చప్పనిది రావడానికే ఎక్కువ వీలు. ముప్పైలో ఇరవై అయిదు గోడకు పనికొస్తాయనిపిస్తే అది మింట్ చేయదగిన శ్రేణి. ఎన్ని ప్రతులో కూడా చూసుకోండి. 256 ప్రతులకు సరిపడా వైవిధ్యమున్న కోడ్ 2,000 ప్రతులకు సాగదీస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ధర కొన్ని చోట్ల స్థిరంగా ఉంటుంది, కొన్ని చోట్ల డచ్ వేలం. మన వేలంపాటకు ఇది తలకిందులు: ధర పైన మొదలై దిగుతూ వస్తుంది. ఉదాహరణకు 20 టెజ్ దగ్గర మొదలై పది నిమిషాలకోసారి 15, 10, 5కి దిగొచ్చు. పేరున్న కళాకారుడైతే పైనే అయిపోతుంది, లేకపోతే 5 దాకా వచ్చినా మిగులుతుంది. ముందు ఎక్కువ పెట్టినవాళ్లకు చివరి ధరకు మించినది వెనక్కి ఇచ్చే పద్ధతి కొన్నిట్లో ఉంది, కొన్నిట్లో లేదు. అది లేనప్పుడు తొందరపడినవాడే నష్టపోతాడు.

రెండో దారి, ఇంతకుముందే ఒకరు మింట్ చేసినదాన్ని కొనడం. కొత్తవాళ్లకు మేము చెప్పేది ఇదే, ఎందుకంటే కొనబోయే బొమ్మ కళ్ల ముందే ఉంటుంది. ఇక్కడ ఫ్లోర్ ధర అనే మాట వినిపిస్తుంది. ఆ శ్రేణిలో ఎవరో ఒకరు అడుగుతున్న అతి తక్కువ ధర అది, అంతే. ఆ ధరకు కొనేవాడున్నాడని దాని అర్థం కాదు. ఫ్లోర్ 40 టెజ్ అని ఉండి, ఆరు నెలలుగా ఒక్కటీ అమ్ముడుకాని శ్రేణులు ఉంటాయి. జరిగిన అమ్మకాల జాబితా తెరిచి తేదీలు చూడండి, ఎవరైనా ఇవ్వజూపిన ఆఫర్లు చూడండి. అసలు ధర ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. అడిగిన ధర ఇవ్వాలనేమీ లేదు, మీరూ ఆఫర్ పెట్టొచ్చు.

నకిలీల సంగతి. ఏ బొమ్మనైనా ఫైలు దించుకుని అదే పేరుతో ఇంకొకడు టోకెన్ (బొమ్మ ఎవరిదో చెప్పే బ్లాక్‌చెయిన్ నమోదు, దీన్నే ఎన్‌ఎఫ్‌టీ అంటారు) చేసేయొచ్చు. పేరు, బొమ్మ, కళాకారుడి ఫొటో అన్నీ నకలు చేయగలరు. కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద ఉండి టోకెన్లను నడిపే ప్రోగ్రాము) చిరునామాను మాత్రం చేయలేరు. కాబట్టి మార్కెట్‌లో వెతుక్కుని వెళ్లకుండా, కళాకారుడి సొంత వెబ్‌సైటు నుంచి లింకు పట్టుకుని వెళ్లండి.

ఇక అసలు దొంగతనాలు ఎక్కువగా జరిగే చోటు: వాలెట్ 'ఒప్పుకుంటారా' అని అడిగే చిన్న కిటికీ. బొమ్మ కొంటున్నప్పుడు అందులో మూడు కనిపించాలి: మీ నుంచి పోయే మొత్తం, ఫీజు, డబ్బు చేరే కాంట్రాక్టు. పోయే మొత్తం సున్నా ఉండి, దాని బదులు 'సెట్ అప్రూవల్ ఫర్ ఆల్' అని గానీ, టెజోస్‌లో 'అప్‌డేట్ ఆపరేటర్స్' అని గానీ ఉంటే, మీరు కొనడం లేదు. మీ దగ్గరున్న బొమ్మలను వేరొకరు కదిలించుకోవడానికి అనుమతి ఇస్తున్నారు. మీరే ఒక బొమ్మను అమ్మకానికి పెట్టేటప్పుడు ఈ అనుమతి రావడం సహజమే, మార్కెట్‌కు అది కావాలి. కానీ 'ఉచిత బహుమతి తీసుకోండి' అన్న పేజీలో అదే అనుమతి అడిగితే అది దోపిడీ. మీరు కొనకుండానే వాలెట్‌లో ఏదో టోకెన్ వచ్చి పడి, దాని మీద ఓ వెబ్‌సైటు పేరు రాసి ఉంటే ఆ సైటుకు పోవద్దు. అది అలా పడి ఉన్నంతవరకు హాని లేదు. ఒకసారి పొరపాటున అనుమతి ఇచ్చేస్తే వాలెట్‌ను సైటు నుంచి 'డిస్‌కనెక్ట్' చేసినంత మాత్రాన అది రద్దు కాదు. రద్దుకు మళ్లీ ఒక లావాదేవీ చేయాలి. ఈథీరియంలో ఈథర్‌స్కాన్‌లో టోకెన్ అప్రూవల్స్ చూసే పేజీ నుంచి చేయొచ్చు. ఇలాంటి అనుమతులు ఒప్పుకోవడానికి ఒక వాలెట్, కొన్నవి దాచుకోవడానికి ఇంకొకటి పెట్టుకుంటే నష్టం పరిమితమవుతుంది. టెలిగ్రామ్‌లో 'సపోర్ట్' అని పలకరించి ఆ 12 పదాలు అడిగేవాడు ఎవడైనా సరే, దొంగే.

కొన్నది ఎంతకాలం ఉంటుందన్నది కోడ్ ఎక్కడ ఉందో దాన్ని బట్టి. ఆర్ట్ బ్లాక్స్‌లో కళాకారుడి స్క్రిప్టు ఈథీరియం మీదే ఉంటుంది. ఎఫ్‌ఎక్స్‌హాష్ తొలి శ్రేణుల కోడ్ ఐపీఎఫ్‌ఎస్ అనే, ఫైళ్లను పలు కంప్యూటర్లలో పంచి ఉంచే నెట్‌వర్క్‌లో ఉంది. అక్కడ ఎవరో ఒకరు ఫైలును పట్టి ఉంచాలి, లేకపోతే దొరకదు. టోకెన్ వివరాల్లో లింకు మామూలు వెబ్ చిరునామా అయితే ఆ సర్వరు మూతపడ్డ రోజున మీ టోకెన్ ఖాళీ. వేదిక మూతపడటం వేరే సంగతి: టెజోస్‌లో పేరుమోసిన హిక్ ఎట్ నంక్ 2021 నవంబరులో ఉన్నట్టుండి ఆగిపోయింది. అయినా టోకెన్లు, ఫైళ్లు అలాగే ఉన్నాయి. అక్కడి జనమే టెయా అనే పేరుతో మళ్లీ తెరుచుకున్నారు.

కొనేముందు ఇంకో చిన్న పరీక్ష. బొమ్మను లైవ్‌లో (కోడ్ అప్పటికప్పుడు నడిచి గీసే పేజీలో) తెరిచి, పేజీని మూడుసార్లు రిఫ్రెష్ చేయండి. ప్రతిసారీ అదే బొమ్మ రావాలి. మారుతోందంటే, కళాకారుడు హాష్ నుంచి వచ్చే సంఖ్య వాడాల్సిన చోట బ్రౌజర్ మామూలు రాండమ్ వాడేశాడు; మీరు కొన్నదేదో మీకే తెలియని పరిస్థితి. ఫోన్‌లో నల్ల తెర వచ్చి కంప్యూటర్‌లో బాగుంటే అది లోపం కాకపోవచ్చు. బరువైన బొమ్మలకు ఫోను గ్రాఫిక్స్ చాలవు.

టోకెన్ కొంటే కాపీరైటు రాదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీకి హక్కు ఇచ్చేవాళ్ల లేదా వాళ్ల ప్రతినిధి సంతకంతో రాతపూర్వక పత్రం ఉండాలి. చొక్కాల మీద, పుస్తకం అట్ట మీద వేసి అమ్మే హక్కు ఉందో లేదో ఆ శ్రేణి లైసెన్సులో చూడండి. ఇంట్లో గోడకు ప్రింటు వేసుకోవడానికి చాలా లైసెన్సులు అనుమతిస్తాయి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 12×16 అంగుళాల ప్రింటుకు 3600×4800 పిక్సెళ్ల ఫైలు కావాలి. వెబ్‌సైటులో కనిపించే చిన్న బొమ్మను దించుకుని సాగదీయొద్దు. లైవ్‌లో తెరిచి పెద్ద సైజులో సేవ్ చేసుకోవాలి. చాలావాటిలో కీబోర్డు మీద 'ఎస్' నొక్కితే సేవ్ అవుతుంది. బెజవాడలో ప్రింటింగుకు కొదవ లేదు గానీ ఫ్లెక్సీ మీద వేయించొద్దు, సన్న గీతలు కలిసిపోతాయి. మ్యాట్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో వేసే ఫొటో ల్యాబ్‌ను అడగండి.

చివరగా పన్ను. ఇది తెలియకే ఎక్కువమంది చిక్కుల్లో పడుతున్నారు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీల లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. కొన్న ఖరీదు తప్ప వేరే ఖర్చు తీసేయడానికి లేదు. ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో సర్దుకోవడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. పైగా టెజ్ ఇచ్చి బొమ్మ తీసుకోవడం కూడా టెజ్‌ను అమ్మినట్టే లెక్క. పది వేల రూపాయలకు టెజ్ కొన్నారు. బొమ్మ కొనే రోజుకు దాని విలువ 12,000 అయింది. ఆ 2,000 మీద 600 పన్ను, 24 సెస్సు, మొత్తం 624 కట్టాలి. తర్వాత బొమ్మను 9,000 విలువకు అమ్మారు. 3,000 నష్టం, కానీ దాన్ని దేనిలోనూ చూపించుకోలేరు. చేతిలోంచి వెయ్యి పోయింది, దాని మీద పన్ను 624. ఎక్స్ఛేంజిలో అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ వాళ్లే కోస్తారు. ఇది 2022 జులై 1 నుంచి ఉంది. ఇక్కడి వ్యక్తి దగ్గరే నేరుగా కొంటే, ఏడాదిలో 50,000 రూపాయలు దాటాక (కొందరు వ్యాపారులకు 10,000 దాటాకే) ఆ కోత కొనేవాడి బాధ్యత. ప్రతి లావాదేవీకి తేదీ, ఆ రోజు రూపాయల విలువ, లావాదేవీ హాష్ (ఆ లావాదేవీని గుర్తించే నంబరు) ఒక పట్టికలో రాసుకోండి. రిటర్నులో వీడీఏ (క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీలకు పన్ను చట్టం పెట్టిన పేరు) షెడ్యూలు నింపాలి కాబట్టి ఐటీఆర్-1 పనికిరాదు.

రోజుకింత శాతం ఇస్తామని, మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ ఇస్తామని ఎన్‌ఎఫ్‌టీ పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో నడిచేవాటికీ మేము పైన చెప్పిన కళకూ ఏ సంబంధమూ లేదు. డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

మీ పత్రికకు ఒక మనవి. ఇకమీదట ఇలాంటి బొమ్మ ధర వేసినప్పుడు, అది ఎవరో అడుగుతున్న ధరా, నిజంగా చేతులు మారిన ధరా అన్నది రాయండి. చేతులు మారినదైతే ఆ తేదీ, అదే శ్రేణిలో ఆ నెల ఇంకెన్ని అమ్ముడయ్యాయో కూడా పక్కన వేయండి. ఈ వివరాలన్నీ బ్లాక్‌చెయిన్ మీద ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి.

ఇట్లు,
కొందరు ప్రోగ్రామర్లు, పన్ను సలహాదారులు
విజయవాడ, గుంటూరు